ఒక్క శాతం ఉద్యోగికి పౌరసన్మానం

తెలుగునాట సన్మానాలకు కొదవ లేదు. పదవి వచ్చినందుకు ఒక శాలువా, పోయినందుకు ఒక శాలువా, మళ్లీ వస్తుందేమోనన్న అనుమానం మీద ముందుజాగ్రత్తగా మరొక శాలువా కప్పుతున్నాం. షష్టిపూర్తి చేసుకున్నవారికీ, కవితా సంపుటి అచ్చు వేసుకున్నవారికీ, ఆ సంపుటిని తెరవకుండానే అరగంట ప్రసంగించినవారికీ జ్ఞాపికలు అందుతున్నాయి. ఇంత ఉదారమైన సమాజంలో, మనం రాసుకునే క్రీముల్లో, లోషన్లలో, షాంపూల్లో రాత్రింబవళ్లు కాపలా కాస్తూ, ఇంతవరకూ ఒక్క పూలదండకైనా నోచుకోని ఉద్యోగి ఒకరున్నారు. ఆయన పేరు ఫినాక్సీఇథనాల్, క్రీములు పాడవకుండా ఆపే ప్రిజర్వేటివ్.

పేరు పలకడం కష్టమే. నిజానికి ఆయన మీద ఉన్న మొదటి అభియోగం అదే. నోరు తిరగని పేరున్న పదార్థం ఒంటికి పడదని ఈ మధ్య ఒక సిద్ధాంతం స్థిరపడింది. ఆ సిద్ధాంతాన్ని ప్రచారం చేస్తున్నవారు తమ పిల్లలకు పెట్టుకుంటున్న పేర్లు పలకడం ఇంకా కష్టం. అయితే అది ఇక్కడ అప్రస్తుతం.

ఆయనకు పౌరసన్మానం జరగాలని ఈ వ్యాసం ద్వారా డిమాండు చేస్తున్నాను. కమిటీ వేసి కాలయాపన చేయకుండా సన్మానపత్రం ముసాయిదా కూడా నేనే సిద్ధం చేశాను.

సంప్రదాయం ప్రకారం మొదట వంశవర్ణన. తండ్రి ఫినాల్. 1860ల్లో జోసెఫ్ లిస్టర్ శస్త్రచికిత్స గాయాల్లో క్రిములను చంపడానికి వాడిన కార్బాలిక్ ఆమ్లం ఈయనే. పరోపకారి, కానీ చేత్తో ముట్టుకుంటే చర్మం కాలుతుంది. తల్లి ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు. ఆసుపత్రి పరికరాలను శుద్ధి చేయడం ఆమె వృత్తి. 2024లో కొన్ని భారతీయ మసాలా పొడుల్లో ఉన్నదంటూ హాంకాంగ్, సింగపూరు అధికారులు అభ్యంతరం చెప్పింది ఈ తల్లి గురించే. వీరిద్దరి వివాహం క్షారం పౌరోహిత్యంలో కర్మాగారంలో జరుగుతుంది. ఇంతటి ఉగ్రమైన దంపతులకు పుట్టిన బిడ్డ మాత్రం నెమ్మదస్తుడు. రంగు లేదు, కొద్దిగా జిడ్డు, దగ్గరగా వెళితే లీలగా గులాబీ వాసన. సుగంధ ద్రవ్యాల వ్యాపారంలో ఆయనను రోజ్ ఈథర్ అని పిలిచేవారూ ఉన్నారు. సుమారు 247 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ మరగడు. అంత నిదానం మన చట్టసభల్లో కూడా కనిపించదు.

రసాయనాల్లో వంశాన్ని బట్టి గుణం నిర్ణయించకూడదు. అలా నిర్ణయించే అలవాటు మనకు మనుషుల విషయంలో బాగా ఉంది కాబట్టి దాన్ని రసాయనాలకు కూడా ఉదారంగా వర్తింపజేస్తున్నాం.

అసలు ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో చెప్పాలి. మా అమ్మమ్మల కాలంలో ప్రిజర్వేటివ్‌లు ఎక్కడున్నాయని అడిగేవారు సభలో తప్పక లేస్తారు. వాస్తవమే, లేవు. సున్నిపిండి పొడి. పసుపు పొడి. సీకాయ పొడి. కాటుకలో మసి, ఆముదం లేదా నెయ్యి. గంధం ఏరోజుకారోజు సానమీద అరగదీసేవారు. కుంకుడుకాయలు అప్పటికప్పుడు నలగగొట్టి, వేడినీళ్లలో నానబెట్టి, తలంటు కాగానే పిప్పి పారేసేవారు. గమనించండి, వీటిలో దేనిలోనూ నిలవ ఉండే నీళ్లు లేవు. నీళ్లు లేని చోట బ్యాక్టీరియాకు గానీ బూజుకు గానీ సంసారం సాగదు. నీళ్లు తగిలిన మరుక్షణం వాడేసి మిగిలింది పారబోసేవారు. అమ్మమ్మలు ప్రిజర్వేటివ్‌ను వ్యతిరేకించలేదు. దాని అవసరం లేకుండా పని చక్కబెట్టుకున్నారు. అది వారి తెలివి. నున్నగా, తెల్లగా, చల్లగా, డబ్బాలో ఏడాదిపాటు ఉండే క్రీము కావాలి, అందులో కాపలావాడు మాత్రం ఉండకూడదు అనడం మన తెలివి.

మా పిన్ని దగ్గర ఒక డబ్బా ఉంది. అరచేతిలో ఇమిడేంత చిన్నది, ధర మాత్రం ఇమడదు.

"పిన్నీ, ఇందులో నీళ్లెంత ఉంటాయో తెలుసా?" అని అడిగాను.

"నీళ్లెందుకుంటాయిరా, క్రీము కదా!"

"సగానికి పైగా నీళ్లే."

"నీకు అన్నిటిలోనూ నీళ్లే కనిపిస్తాయి. మీ బాబాయి పోలిక."

పిన్ని నన్ను ఓడించింది గానీ లెక్కను ఓడించలేకపోయింది. మామూలు క్రీముల్లో, లోషన్లలో 60 నుంచి 80 శాతం దాకా నీళ్లే ఉంటాయి. మిగిలినదాంట్లో నూనెలు, మైనాలు, గ్లిజరిన్ ఉంటాయి. అంటే నీళ్లూ ఉన్నాయి, ఆహారమూ ఉంది. స్నానాల గది వెచ్చదనం ఉంది. రోజుకు రెండుసార్లు కొత్త అతిథులను తీసుకొచ్చే మన వేళ్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల దృష్టిలో ఇది అన్ని వసతులూ ఉన్న కల్యాణమండపం. ఆ మండపం గుమ్మంలో నిలబడి శుభలేఖ లేనివారిని వెనక్కి పంపించే పనిని ఫినాక్సీఇథనాల్ గారు చేస్తున్నారు.

ఆయన గుమ్మం వదిలితే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, చరిత్రలో నమోదైంది. 1970ల్లో అమెరికాలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరిన మస్కారా వాడిన కొందరి కంటి ముందుపొర (కార్నియా) మీద పుండ్లు పడ్డాయని నేత్రవైద్యులు 1977లో రాశారు. 2006లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక ఐసీయూలో రోగులకు రాసిన ఒంటి లోషన్ ద్వారానే బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా వ్యాపించింది. లోషన్ రాసింది రోగుల చర్మం మృదువుగా ఉండాలని. ఉద్దేశం మంచిదే.

ఉద్యోగంలో చేరేముందు ఆయన రాసే పరీక్ష సంగతి కూడా పత్రంలో ఉండాలి. తయారైన క్రీములోకి సూడోమోనాస్, స్టెఫిలోకాకస్, ఇ.కోలై బ్యాక్టీరియాలు, కాండిడా ఈస్టు, ఆస్పర్జిల్లస్ బూజు, ఈ ఐదుగురినీ విడివిడిగా, లక్షల సంఖ్యలో కావాలనే వదులుతారు. 28 రోజులపాటు మధ్యమధ్య లెక్క తీస్తారు. మొదటి వారంలోనే బ్యాక్టీరియా వెయ్యోవంతుకు పడిపోవాలన్నది గట్టి ప్రమాణం. ప్రశ్నపత్రం ముందుగానే తెలిసినా కాపీ కొట్టడం సాధ్యం కాని పరీక్ష మన దేశంలో జరుగుతున్నది బహుశా ఇదొక్కటే.

నిజాయితీగా చెప్పాలంటే ఆయనకు అన్ని సబ్జెక్టుల్లోనూ మొదటి తరగతి రాదు. బ్యాక్టీరియాలో, ముఖ్యంగా మొండిదైన సూడోమోనాస్‌లో, మంచి మార్కులు వస్తాయి. ఈస్టులోనూ బూజులోనూ బొటాబొటిగా గట్టెక్కుతాడు. అందుకని ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ అనే సహాయకుణ్ణి పక్కన కూర్చోబెడతారు. ఆయనవి తొంభై పాళ్లు, సహాయకుడివి పది పాళ్లు. సహాయకుడు సూక్ష్మజీవి పొరను కొంచెం బలహీనపరుస్తాడు, ఈయన లోపలికి దూరి పని ముగిస్తాడు. బెంజోయిక్, సార్బిక్ ఆమ్లాల వంటి సహోద్యోగులు పులుపు తగ్గితే పని మానేస్తారు. ఈయన పులుపులోనూ చేస్తాడు, క్షారంలోనూ చేస్తాడు. ఇలాంటివాడిని ఆఫీసులో ఎవరూ ఇష్టపడరన్నది వేరే విషయం.

ఇక ఆయన రెండో ఉద్యోగం. నా డిమాండుకు అసలు కారణం ఇదే. దీనికి జీతం లేదు, నియామక పత్రం లేదు, చేస్తున్నట్టు బహుశా ఆయనకే తెలియదు.

మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం డబ్బా మీద ద్రవ్యాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతమూ అంతకన్నా తక్కువా ఉన్నవాటిని మాత్రం ఆఖరున ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఇది మొదటి నియమం. ఫినాక్సీఇథనాల్ ఒక శాతానికి మించి వాడకూడదు. ఐరోపాలో, జపాన్‌లో ఇదే హద్దు, మన భారతీయ ప్రమాణాల్లోనూ ఇదే. ఇది రెండో నియమం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, డబ్బా వెనక్కి తిప్పి చూడండి. జాబితాలో ఆయన పేరు తర్వాత ఎవరు కూర్చున్నా వారి వాటా ఒక శాతం దాటదు. ఆయనకు ముందున్నవారిలో కూడా ఒక శాతం లోపువారు ఉండవచ్చు. కానీ వెనకున్నవారికి తప్పించుకునే దారి లేదు.

ఇప్పుడు డబ్బాను ముందువైపు తిప్పండి. కుంకుమపువ్వు. బంగారు రజను. శ్రీగంధం. నల్లకలువ. హిమాలయాల్లో మాత్రమే దొరికే ఏదో వేరు. వాటి మధ్య ఒక అమ్మాయి, ఆ వేరు దొరికినందుకు పరవశించిపోతూ. ఇప్పుడు మళ్లీ వెనక్కి తిప్పండి. నీళ్లు, గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం, ఏదో ఒక నూనె, సిటైల్ ఆల్కహాల్, మరో రెండు మైనాలు. ఆ తర్వాత ఫినాక్సీఇథనాల్. ఆయన వెనకాల, కుర్చీలు చాలక నిలబడ్డ బంధువర్గం అంతా కనిపిస్తుంది. కుంకుమపువ్వు సారం, గంధం నూనె, కలువ, వేరు, బంగారం.

50 గ్రాముల డబ్బాలో ఒక శాతమంటే అర గ్రాము. అంటే కుంకుమపువ్వు అర గ్రాముకు మించదు. మించదు అన్నానే తప్ప అర గ్రాము ఉందని అనలేదు. సారం అని రాసి ఉంటే, సాధారణంగా ఆ సారంలో కూడా అధికభాగం నీళ్లో గ్లిజరినో అయి ఉంటుంది. కుంకుమపువ్వు చిల్లర బజారులో గ్రాము వందల రూపాయలు పలుకుతుంది. డబ్బా ధర చూస్తే, మనం కొన్నది ప్రధానంగా కుంకుమపువ్వు బొమ్మను అన్న నిర్ణయానికి రావలసి వస్తుంది. బొమ్మ బాగుంది. నాకు దానిమీద ఫిర్యాదు లేదు.

ఇంతటి నిజాన్ని, ఏ న్యాయస్థానానికీ వెళ్లకుండా, ఏ సమాచార హక్కు దరఖాస్తూ పెట్టకుండా, కేవలం తన కుర్చీలో తాను కూర్చోవడం ద్వారా బయటపెడుతున్న ఉద్యోగి మరొకరు ఉంటే చూపించండి. డబ్బా మొత్తంలో తాను ఎంతకు మించడో చట్టం ముందు ఒప్పుకున్నవాడు ఆయన. మిగతావారంతా ఎంతున్నామో చెప్పకుండా ముందువైపు ఫొటోకు నిలబడ్డవారే. అలాంటప్పుడు మనం ఎవరిని చూసి భయపడుతున్నాం? ఆయన్నే. సంస్థలు ఎవరిని తీసేశామని గొప్పగా ప్రకటిస్తున్నాయి? ఆయన్నే. ప్రిజర్వేటివ్ లేదని పెద్ద అక్షరాల్లో రాస్తే కొనేవారి భయం తీరుతుంది, పైగా ఆ కొలబద్ద కూడా మాయమవుతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అంటే ఇదే.

ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారి గతి తెలుసుకుంటే భవిష్యత్తు అర్థమవుతుంది. వారు పారాబెన్లు. 1920ల నుంచి సేవలో ఉన్న కుటుంబం. మిథైల్, ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ అని అన్నదమ్ములు. మిథైల్ పారాబెన్ బ్లూబెర్రీ పండులో సహజంగానే ఉంటుంది. 2004లో బ్రిటన్‌లో ఒక పరిశోధక బృందం 20 రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్లు ఉన్నాయని చెప్పింది. క్యాన్సర్‌కు అవే కారణమని ఆ బృందం అనలేదు. ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో ఎంత ఉంటాయో పోల్చి చూడలేదు కూడా. కానీ వార్త కణితి దగ్గర మొదలై తీర్పు దగ్గర ఆగింది. ప్రొపైల్, బ్యూటైల్ సోదరులకు ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌ను అనుకరించే గుణం అతి బలహీనంగా ఉన్నమాట నిజం. అసలు హార్మోన్‌తో పోలిస్తే వేల రెట్లు తక్కువ. ఐరోపా సమాఖ్య 2014లో ఆ ఇద్దరి మోతాదు తగ్గించి, సరైన సమాచారం లేని మరో ఐదుగురు దూరపు బంధువులను నిషేధించి, మిథైల్, ఇథైల్ సోదరులను పాత పద్ధతిలోనే కొనసాగించింది. అంటే ఒక్కొక్కరి ఫైలు విడివిడిగా చదివి ఉత్తర్వు ఇచ్చింది. మన బజారు అంత ఓపిక పట్టలేదు. ఇంటిపేరు చూసి కుటుంబాన్నంతా వెలివేసింది.

వెలివేసిన చోట ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలి కదా. అనేక సంస్థలు మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే కొత్తవాణ్ణి తెచ్చాయి. చాలా తక్కువ మోతాదులో చురుగ్గా పనిచేస్తాడు, కానీ చర్మం మీద అంతకన్నా చురుగ్గా. ఐరోపా అంతటా దురదలు, దద్దుర్లు, ఎగ్జిమా. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాటకు ఇంత చక్కని శాస్త్రీయ నిరూపణ మరొకటి దొరకదు. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అతనికి ఆ ఏటి మేటి అలెర్జీ కారకం అన్న బిరుదు ఇచ్చింది. ఒంటిమీద ఉంచుకునే క్రీముల్లో అతను ఉండకూడదని ఐరోపా సమాఖ్య 2016లో ఉత్తర్వు జారీ చేసింది. 2019లో అదే సొసైటీ మరో విచిత్రమైన బిరుదు ప్రకటించింది. అలెర్జీ కలిగించనిది అన్న బిరుదు. గ్రహీతలు పారాబెన్లు. మనవాళ్లు చేయవలసిన సన్మానం అమెరికావాళ్లు చేశారు. అప్పటికే వారు ఊరి బయట ఉన్నారు.

పూర్తిగా బయటా అనలేం. పారాబెన్ లేదని ఒకటికి రెండుసార్లు నిర్ధారించుకుని కొన్న లోషన్ బిడ్డకు రాస్తాం. రాత్రి జ్వరం వస్తే పారాసిటమాల్ సిరప్ పట్టిస్తాం. ఆ సీసా మీద ప్రిజర్వేటివ్‌లు ఎవరో ఒకసారి చదవండి. చాలావాటిలో మిథైల్ పారాబెన్, ప్రొపైల్ పారాబెన్ కనిపిస్తాయి. పన్ను పీకే ముందు చిగుళ్లలో పొడిచే లిగ్నోకెయిన్ మత్తుమందు సీసాల్లో కూడా మిథైల్ పారాబెన్ ఉండడం మామూలే. వంటింటి గడప బయట వెలివేసి, దొడ్డిదారిన నోట్లోకి రానిచ్చే ఈ ఆచారం మీద సామాజిక శాస్త్రవేత్తలు దృష్టి పెట్టాలి.

ఫినాక్సీఇథనాల్ గారి ఇతర సేవలు పత్రంలో ఒక పేరాకు మించకూడదని అనుకున్నాను గానీ ఆ మనిషి చేయని పని లేదు. కొన్ని పోలియో టీకాల్లో, పోలియోతో కలిపి ఇచ్చే సంయుక్త టీకాల్లో నిల్వ కోసం ఉంటాడు. చేపల పెంపకంలో మత్తుమందుగా ఉంటాడు. బాల్‌పాయింట్ పెన్ను సిరాలో ద్రావణిగా ఉంటాడు. కాగితం మీద గీత గీసిన రోజు నుంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటాడు కాబట్టి, ఎంత మిగిలాడో కొలిచి ఆ రాత తాజాదా పాతదా అని ఫోరెన్సిక్ నిపుణులు అంచనా కడతారు. తాతగారి పేరుమీద పోయిన నెల పుట్టించిన వీలునామాలు కలిగినవారు ఈ వాక్యాన్ని మరోసారి చదువుకోగలరు. అబద్ధం పక్కన కూర్చుని తేదీ చెప్పేయడం ఆయన స్వభావంలోనే ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది. వైద్య విద్యార్థులు కోసి నేర్చుకునే మృతదేహాల భాగాలను భద్రపరచడానికి కూడా ఆయన ద్రావణం వాడతారు. అక్కడా దాదాపు ఒక శాతమే. బతికినవాడి ముఖానికీ పోయినవాడి ఒంటికీ ఒకే కొలత. సమానత్వం గురించి మాట్లాడే పార్టీలు ఇంతదూరం రాలేదు.

అభియోగాలు ఉన్నాయి, దాచను. సన్మానపత్రాల్లో దాచడమే ఆచారమైనా, ఈ సన్మానగ్రహీతకు అది నచ్చదని నా నమ్మకం. 2008లో అమెరికా ఆహార ఔషధ సంస్థ, పాలిచ్చే తల్లులు రొమ్ముకు రాసుకునే ఒక క్రీము గురించి హెచ్చరించింది. అందులో ఫినాక్సీఇథనాల్ ఉంది. అది పసిపిల్లల కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు కలగవచ్చని, నాడీవ్యవస్థ మందగించవచ్చని చెప్పింది. పసిబిడ్డ నోరు పెట్టే చోట ఆయనకు ఉద్యోగం ఇవ్వడం ఇచ్చినవారి బుద్ధి. మూడేళ్లలోపు పిల్లలకు 0.4 శాతం మించవద్దని, డైపరు కట్టే చోట అసలు వద్దని 2012లో ఫ్రాన్స్ ఔషధ సంస్థ సూచించింది. ఐరోపా సమాఖ్య శాస్త్రీయ కమిటీ 2016లో ఫైలంతా తిరగేసి, పిల్లలతో సహా అందరికీ ఒక శాతం వరకూ సురక్షితమేనని తేల్చింది. కర్మాగారంలోని ముడి ద్రవం కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది. ఏ కొద్దిమందికో ఆయన పడడు, ఎగ్జిమా వస్తుంది. వారు మానేయాల్సిందే. అంటే ఎవరికి, ఎక్కడ, ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉంది. అవి అడిగితే ప్రకటన రాసేవారికి మాత్రం ఇబ్బంది. ప్రకటనలో మూడు ప్రశ్నలు పట్టవు, ఒక్క భయం పడుతుంది.

ఇప్పుడు ప్రకృతివాదుల ప్రత్యామ్నాయాలకు వద్దాం. గ్రేప్‌ఫ్రూట్ (పంపర పనస వంటి పండు) గింజల సారం క్రిములను చంపుతుందని చాలాకాలంగా పేరు. 1999లో జర్మనీ పరిశోధకులు బజారులో దొరికే ఆరు సారాలను పరీక్షించారు. ఐదింటికి క్రిములను అడ్డుకునే శక్తి ఉంది. ఆ ఐదింటిలోనూ బెంజిథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ రసాయనం ఉంది. కొన్నిటిలో ట్రైక్లోసాన్ అనే మరో కృత్రిమ క్రిమినాశిని, దానితో పాటు సాక్షాత్తూ మిథైల్ పారాబెన్ కూడా ఉన్నాయి. ఏ రసాయనమూ కలవని ఆరోదానికి ఏ శక్తీ లేదు. గింజ నిర్దోషి. తనకు తెలియకుండానే మహిమాన్వితురాలైంది.

ఫోను తెర మీద కలబంద గుజ్జు గీరుతున్న సోదరీమణులు మరో పద్ధతి చెబుతున్నారు. గుజ్జులో విటమిన్-ఈ గుళిక పిండితే ప్రిజర్వేటివ్ అక్కర్లేదట. విటమిన్-ఈ నూనెను కనరెక్కకుండా ఆపగలదు. బ్యాక్టీరియాను ఆపాలన్న ఆలోచన దానికి ఎప్పుడూ రాలేదు. నాలుగో రోజు గుజ్జు మీద కనిపించే పచ్చని నూగును చూసి, సహజమైనది కాబట్టే ఇలా మారుతుందని వారే వివరణ ఇస్తున్నారు. నిజమే. ఆ నూగు నూటికి నూరుపాళ్లు సహజం.

పెద్ద సంస్థలది ఇంకో దారి. మన ప్రభుత్వ కార్యాలయాల్లో రెగ్యులర్ పోస్టులు రద్దుచేసి అదే పనిని పొరుగుసేవల సిబ్బందితో చేయించినట్టు, క్యాప్రిలైల్ గ్లైకాల్, హెక్సేన్‌డయాల్ వంటివారిని తీసుకుంటున్నారు. వారూ సూక్ష్మజీవులను అడ్డుకుంటారు. కానీ అధికారిక ప్రిజర్వేటివ్‌ల జాబితాలో పేరు లేదు కాబట్టి హోదా లేదు. చర్మానికి తేమనిచ్చేవారు అని రికార్డుల్లో రాసుకుంటారు. దాంతో డబ్బా మీద ప్రిజర్వేటివ్ రహితం అని ముద్రించడానికి అడ్డంకి తొలగిపోతుంది. కాపలావాడు లేడు, తోటమాలి రాత్రిళ్లు గుమ్మంలో పడుకుంటాడు. ఐరోపా అధికారులకు ఈ గారడీ అర్థమైంది. చట్టం అనుమతించిన పదార్థాన్ని చెడ్డదిగా చూపే పారాబెన్ రహితం లాంటి ప్రకటనలు తగవని వారి మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2019 జూలై నుంచి ఆ సూచన అమలులోకి వచ్చింది.

ఇంత చెప్పినా నా డిమాండు నెగ్గదని తెలుసు. శాలువాలు పరిమితం, నాయకులు అపరిమితం. పైగా కుంకుమపువ్వు వర్గం వేదిక మీదకు ఆయనను రానివ్వదు. కాబట్టి మెజారిటీ అభిప్రాయాన్ని శిరసావహించి, ఫినాక్సీఇథనాల్ గారిని గౌరవంగా ఇంటికి పంపేందుకు ఒక ఆచరణసాధ్యమైన పథకం సమర్పిస్తున్నాను.

కాపలా లేని క్రీమును పాల ప్యాకెట్టులా ఏరోజుకారోజు సరఫరా చేయాలి. తెల్లవారుజామున నాలుగింటికి ప్రతి మండల కేంద్రంలో నీళ్లూ నూనే చిలికి, చల్లబరిచి, ఐదున్నరకల్లా ఇంటింటి గుమ్మంలో పదేసి గ్రాముల ప్యాకెట్టు వేయాలి. సాయంత్రం స్నానం చేసేవారికి రెండో విడత ఉండాలి. ఎండాకాలంలో ప్యాకెట్టు ఆలస్యమైతే క్రీము విరిగిపోయిందని గృహిణులు కుర్రవాడితో గొడవ పడే హక్కును చట్టంలో స్పష్టంగా పొందుపరచాలి. అపార్టుమెంట్లలో శీతల గదులు, పల్లెల్లో క్రీము సేకరణ కేంద్రాలు, పండగల ముందు కొరత, కొరత మీద ధర్నాలు, ధర్నాల మీద అఖిలపక్ష సమావేశం వరుసగా ఏర్పడతాయి. నిరుద్యోగ సమస్య చాలావరకు తీరుతుంది. ప్యాకెట్టు మీద కుంకుమపువ్వు బొమ్మ వేసుకోవడానికి అభ్యంతరం లేదు. రాత్రికి మిగిలిపోయిన క్రీమును తోడు పెట్టుకోవచ్చా లేదా అన్నది మాత్రం ఆయా కుటుంబాల పెద్దల విచక్షణకే వదిలేస్తున్నాను.